తడిక చాటు చెయ్యి

"ఇంతేనా? ఈ మాత్రం దానికా వారం రోజులుగా నీళ్ళ డబ్బా నా చేత మోయిస్తున్నారు?"

రావులపాలెం కీళ్ళ కేంద్రానికి ఆ పూట మొదట వచ్చినవారు భార్యాభర్తలు. భర్త కుడిచేతికి భుజం నుంచి వేళ్ళ కొసల దాకా బూడిదరంగు తొడుగు ఉంది. భార్య కుడిచేతికి నీలం తొడుగు. ఆయన మోచెయ్యి వంచినప్పుడల్లా ఆయన నొప్పి ఆవిడ మోచేతిలో ఉన్నదున్నట్టు పలుకుతోంది. ఆవిడ ముఖంలో సానుభూతి మాత్రం పలకడం లేదు.

"నొప్పి నొప్పే కదే రాజ్యం!"

"దీన్ని నొప్పంటే, పెసరట్టు తిరగేసేటప్పుడు నాకొచ్చేదాన్ని ఏమనాలండీ?"

ఫిజియోథెరపిస్టు ఉత్పల తొడుగులు తారుమారు చేసింది. బూడిదరంగుది ఆవిడకు, నీలంది ఆయనకు. అట్లకాడ పట్టుకున్నట్టు మణికట్టు తిప్పమంది. ఆవిడ తిప్పింది. ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. తొడుగు విప్పేస్తూ, "రేపట్నుంచి పెసరట్టు నేను వేస్తాలే" అన్నాడు.

ఉత్పల ఇద్దరికీ వ్యాయామాలు రాసిచ్చింది. పెసరట్టు సంగతి రాయలేదు. అది వైద్యం కిందికి రాదు.

ఆ తొడుగుల జతకు పుట్టినప్పుడు పెట్టిన పేరు వేదనాదర్పణం. జనం నోళ్ళలో నలిగి అది 'అద్దం చెయ్యి' అయింది. అది రాకముందు రోగి 'ఇక్కడ లాగుతోందండీ, అక్కడ జివ్వుమంటోందండీ, మధ్యలో ఒక రకంగా ఉందండీ' అనేవాడు. ఆ 'ఒక రకం' ఏ రకమో ఊహించడానికే వైద్యుడికి సగం చదువు ఖర్చయిపోయేది. ఇప్పుడు బూడిదరంగు తొడుగు పంపుతుంది, నీలం తొడుగు పుచ్చుకుంటుంది. పుచ్చుకున్నదాన్ని ప్రతినొప్పి అంటారు. మోకాలికీ నడుముకీ పంటికీ కూడా వేర్వేరు అద్దాలు వచ్చేశాయి. ఆఫీసులో సెలవు కావాలన్నా, రైల్లో కింది బెర్తు కావాలన్నా ముందు అద్దంలో చూపించమంటున్నారు. 'నా బాధ నీకేం తెలుసు' అనే మాట సంసారాల్లో వినబడటం మానేసింది. 'అయితే తొడుక్కుని చూపించు' అనే జవాబు తయారుగా ఉంటోంది కనుక.

భుజం, మోచెయ్యి, మణికట్టు, ఈ మూడింటి విషయంలో ఉత్పలకు గోదావరికి రెండు పక్కలా మంచి పేరుంది. ఆమె చేతిలో పడి ఇతరుల చేతులు బాగుపడేవి గాని, చపాతీ ఏనాడూ బాగుపడలేదు. "మా కోడలు ఎముకకి నచ్చజెప్పగలదు, పిండికి నచ్చజెప్పలేదు" అని అత్తగారు భ్రమరాంబ చుట్టాలందరికీ చెప్పేది. ఆ మాటలో వెక్కిరింత ఎంతో, గొప్ప చెప్పుకోవడమూ అంతే.

దంపతులు వెళ్ళగానే లోపలికి వచ్చినావిడకు అరవై దాటి ఉంటాయి. ముదురాకుపచ్చ నేత చీర, బిగించి కట్టిన కొప్పు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"డాక్టరమ్మంటే మీరేనాండీ?"

"నేనేనండి, ఉత్పల. కూర్చోండి. నొప్పి ఎక్కడ?"

"మణికట్టులో. నా పేరు పల్లాలమ్మ. ఆత్రేయపురం. మూడు వారాల్లో ఊరిముద్ర పరీక్షుందండి. ఈలోగా బాగు చేసెయ్యండి, ఆయ్."

చీర ఇస్త్రీకి ఇచ్చినట్టు చెప్పింది. ఉత్పలకు నవ్వు రావాల్సిన చోట రాలేదు. ఊరిముద్ర అంటే ఏమిటో ఆ ప్రాంతంలో తెలియనివారు లేరు.

పూతరేకులు ఇప్పుడు మిల్లుల్లో తయారవుతున్నాయి. గంటకు ఎన్ని వేలంటే అన్ని వేలు, అన్నీ ఒకే కొలత. ఎవరూ కాదనరు. ఊరి పేరు మాత్రం మిల్లు పెట్టె మీద అచ్చు వేయకూడదు. బోర్లించిన కుండ మీద, చేత్తో, గుడ్డతో రేకు తీసేవారు ఏటా ఒక్కరైనా ముందుకొచ్చి ముగ్గురు పరీక్షకుల ఎదుట నెగ్గినంత కాలమే ఆ పేరు ఊరిది. ఒక్క ఏడు తప్పితే అందరిదీ. ఒకప్పుడు పరీక్ష రోజున ఊళ్ళో పొయ్యిల వరసే ఉండేదట. ఒక్కొక్కరే మానేశారు. కుండల్లో మందారాలు పాతుకున్నారు. నాలుగేళ్ళుగా పరీక్షకు కూర్చుంటున్నది పల్లాలమ్మ ఒక్కర్తే.

"ఈ ఏడు చెయ్యి తిరక్కపోతే?" ఉత్పల నెమ్మదిగా అడిగింది.

"మిల్లోళ్ళు మా ఊరి పేరు అట్టపెట్టి మీద ఏసుకుంటారు. నేను బతికుండగా." పల్లాలమ్మ అప్పుడు కూర్చుంది. "అందుకే వచ్చాను. లేపోతే ఈ చొక్కాచేతులవీ నాకెందుకండీ?"

ఉత్పల ఆవిడకు బూడిదరంగు తొడుగు వేసి, తను నీలం తొడుగు తొడుక్కుంది. "ఎదురుగా కుండ ఉందనుకోండి. గుడ్డ పట్టుకుని రేకు తీసినట్టు చెయ్యండి."

"మీరు అటు తిరగండి."

"ఎటండీ?"

"ఆ గోడ వైపు. మేం తడిక చాటున తీత్తామండి రేకు. అంచు రాకుండా తీసే చెయ్యి ఈ జిల్లాలో మా ఇంట్లోనే ఉంది. మా అత్త నాకు చూపించినప్పుడు సొంత కొడుకుని, అదే మా ఆయన్ని, గడప అవతల నిలబెట్టింది. మీరెంత డాక్టరైనా పైవాళ్ళే కదా?"

ఉత్పల గోడవైపు తిరిగింది. గోడ మీద భుజపుటెముకల బొమ్మ ఉంది. దాన్నే చూస్తూ నిలబడింది. వెనకాల పల్లాలమ్మ గాలిలో రేకు తీసింది. పరాయి కళ్ళు గోడకేసి ఉన్నాయని చూసుకుని నిశ్చింతగా తీసింది. ఆ నిశ్చింత పొరపాటని అప్పటికి ఇద్దరికీ తెలియదు.

వేదనాదర్పణం ఉత్త నొప్పిని పంపదు. ఏ కదలికలో ఏ కండరం ఎంత బిగిస్తే ఆ నొప్పి పుట్టిందో, ఆ వరసంతా పంపుతుంది. అది తెలియకపోతే నొప్పి తెలిసీ ప్రయోజనం లేదు. ఉత్పల కళ్ళు మూసుకుంది. ముందు ఆమె భుజం చెవివైపు ఎగబాకింది. వీపు మీద రెక్క ఎముక జారాల్సిన చోట జారకుండా మొరాయించింది. ఆ లోటు తీర్చడానికి మోచెయ్యి విసురుగా తెరుచుకుంది. దాని బయటి అంచున సూది దిగింది. ఆఖరున మణికట్టు చిటుక్కున లోపలికి మళ్ళింది. బొటనవేలి మొదట్లో నిప్పు అంటుకుంది.

"అబ్బ!" అంది ఉత్పల.

"చెప్పానుగా, మణికట్టని."

"అరుస్తున్నది మణికట్టేనండి. కాని అల్లరి చేస్తున్నది భుజం. భుజం కదలనని భీష్మించుకుంటే ఆ పని మోచేతి మీద పడుతోంది. మోచెయ్యి చేసినంత చేసి మిగతాది మణికట్టు మీదకి తోస్తోంది. ఇంట్లో పెద్దకోడలు పడుకుంటే చిన్నకోడలు నలిగినట్టు."

"చిన్నకోడల్నే లెండి నేనూను." పల్లాలమ్మ మొదటిసారి మెత్తబడింది. "అయితే ఏం చెయ్యమంటారు?"

"చెయ్యి కదిపినప్పుడల్లా మీ భుజం చెవి దగ్గరికి పోతోంది, ఏదో రహస్యం చెప్పడానికన్నట్టు. దానికి చెవితో చెప్పాల్సిన రహస్యమేమీ లేదు. ముందు దాన్ని దించాలి."

వ్యాయామాలు చూపించింది. బల్లమీద ఎడమచెయ్యి ఆనించి ముందుకు వంగి, కుడిచేతిని వేలాడదీసి మెల్లిగా ఊపడం. వీపు మీది రెక్కలు రెండూ దగ్గరికి తెచ్చి పట్టి వదలడం. జీలకర్ర పొట్లం పిడికిట్లో పట్టుకుని మణికట్టును తొందర లేకుండా కిందికి దించడం. చివరగా, గోడకు తువ్వాలు ఆనించి అరచేత్తో కిందనుంచి పైకి, పైనుంచి కిందికి జరపడం.

పల్లాలమ్మ తువ్వాలు వంక, గోడ వంక చూసింది. "నన్ను గోడకి రేకులెయ్యమంటున్నారాండీ?"

"మూడు వారాలే."

"ఎవరన్నా చూత్తే పల్లాలమ్మకి పిచ్చెక్కిందనుకుంటారు."

"తడిక చాటున చెయ్యండి."

నవ్వకూడదనుకుంటూనే నవ్వేసింది పల్లాలమ్మ. తువ్వాలు చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

రోజు విడిచి రోజు కాలవ పడవలో వచ్చేది. వచ్చినప్పుడల్లా తొడుగులు, గోడవైపు ఉత్పల, గాలిలో రేకులు. పొయ్యి దగ్గర పీట కింద రెండు ఇటుకలు పెట్టించింది ఉత్పల, చెయ్యి భుజాన్ని దాటి పైకి లేవకుండా. పల్లాలమ్మ గొణుగుతూనే అన్నీ చేసింది. ప్రతినొప్పి తగ్గుతూ వచ్చింది. మొదట నిప్పు, తరవాత సూది, ఆ తరవాత ఎవరో గిల్లి వదిలినట్టు. మూడోవారం మొదట్లో ఒకరోజు మాత్రం ఆవిడ కొత్త ఫిర్యాదు తెచ్చింది.

"ఈసారి బియ్యం మంచివి కావండి. రేకుకి చివర పెదవి వత్తంది."

"పెదవంటే?"

"అంచు దళసరిగా. మా ఇంట్లో ఎప్పుడూ రాలేదది. పిండిలోనే ఏదో ఉంది."

ఉత్పలకు పిండి గురించి అభిప్రాయం చెప్పే అర్హత లేదు. తొడుగు అందించింది.

పరీక్షకు రెండు రోజుల ముందు, ఆదివారం పొద్దున, ఉత్పల భోజనాల బల్ల తుడుస్తోంది. భ్రమరాంబ కూరలు తరుగుతూ తల ఎత్తింది. కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది.

"ఏమిటే ఆ విసురు?"

"ఏ విసురండీ?"

"మళ్ళీ తుడువు."

ఉత్పల తుడిచింది. తడిగుడ్డ బల్ల మీద ఈ చివరనుంచి ఆ చివరకు ఒక్క వంపులో సాగింది. చివర్లో ఆమె ప్రమేయం లేకుండానే మణికట్టు చిటుక్కున లోపలికి మళ్ళింది. బల్ల మీద తడి ఎక్కడ ఆగిందో తెలియకుండా సన్నగిల్లి మాయమైంది. బొటనవేలి మొదట్లో చిన్న చురుకు కూడా. ఆ చురుకు తనది కాదు. అది ఎవరిదో ఆమెకు బాగా తెలుసు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. భ్రమరాంబ లేచి, చిన్న మట్టి మూకుడు పొయ్యి మీద బోర్లించింది. దోసెల పిండిలో నీళ్ళు కలిపి మజ్జిగలా పలచన చేసింది. పలచని గుడ్డ ముక్క తడిపి కోడలి చేతికిచ్చింది. "తుడువు, బల్లనుకుని."

మొదటిది మాడింది. రెండోది చిరిగింది. మూడోది మూకుడు మీదనుంచి దానంతటదే లేచింది. భ్రమరాంబ దాన్ని అరచేతిలో పరుచుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. చేతిరేఖలు ఒక్కొక్కటీ కనబడ్డాయి. అంచు ఎక్కడా లేదు.

"ఇన్నాళ్ళూ నీ చేతివంటని పంటితో చూశాం. ఇవాళ అందులోంచి చూస్తున్నాం. ఎప్పుడు నేర్చుకున్నావే?"

"నేర్చుకోలేదండి." ఉత్పల కూలబడింది. "అంటుకుంది."

ప్రతినొప్పి గంటలో ఆవిరవుతుందని తొడుగుల పెట్టెలోని కరపత్రం చెబుతుంది. నొప్పి వెళ్ళడానికి వేసిన దారిలో ఇంకేం నడిచి వెళ్తాయో దాన్ని చేసినవాళ్ళు అనుకోలేదు. రాజమండ్రిలో ఇదే వైద్యం చేసే స్నేహితురాలు నవ్వుతూ చెప్పిన కబురు ఉత్పలకు ఇప్పుడు గుర్తొచ్చింది. ఒక పెద్ద అధికారి మణికట్టుకు నెల రోజులు వైద్యం చేశాక, ఏ కాగితం వచ్చినా చదవకుండా పక్కకు తోసే అలవాటు ఆ స్నేహితురాలి చేతికి పట్టుకుందట. అప్పుడు నవ్వుకున్నారు.

"ఆవిడకి చెప్పెయ్యి" అంది భ్రమరాంబ.

"పరీక్ష ఎల్లుండండి. అయ్యాక చెబితే?"

"అయ్యాక చెబితే అది దొంగతనం. ముందు చెబితే పొరపాటు. నీకేది కావాలో చూసుకో."

సాయంత్రం పడవకే ఉత్పల ఆత్రేయపురం వెళ్ళింది. పల్లాలమ్మ వాకిట్లోనే కూర్చుని గుడ్డ ఉతుకుతోంది. ఉత్పల మూడు ముక్కల్లో చెప్పింది. ఆవిడ నమ్మలేదు. ఉత్పల ఆ తడిగుడ్డే తీసుకుని అరుగు మీద ఒక్కసారి లాగింది.

పల్లాలమ్మ లేచి నిలబడింది.

"గోడవైపు తిరిగావుగా నువ్వు!"

"తిరిగానండి. కళ్ళు చూడలేదు. చెయ్యి వింది."

"మా అత్త సొంత కూతురికి చూపించలేదు. నేను నా కోడలికి చూపించలేదు. నువ్వు నొప్పి తీత్తానని వచ్చి చెయ్యి ఎత్తుకుపోతావా?"

"పల్లాలమ్మగారూ, ఇంకో సంగతండి. మీ రేకుకి పెదవి వస్తున్నది బియ్యం వల్ల కాదు. భుజం ఎగరేయడం మానిపించాను. ఆ ఎగరేయడం మీదే మీ మణికట్టు ఆ చిటుకు వేసేది. నొప్పితో పాటు అదీ పోయింది. నా తప్పే. కూర్చుంటే మళ్ళీ దాన్ని..."

"పనితనం ఎత్తుకుపోయింది చాలక, నా చేతికి వంక కూడా పెడతావా?" పల్లాలమ్మ గొంతు వీధి చివరిదాకా వినబడింది. "నేనెట్టా తీత్తానో నాకు నువ్వు చెప్పాలా? ఎల్లు!"

ఉత్పల తిరుగు పడవ ఎక్కింది. వెళ్ళమన్నప్పుడు పల్లాలమ్మ చెయ్యి, ఇన్నాళ్ళలో మొదటిసారి, నొప్పి లేకుండా వీధి వైపు చాచి ఉంది. వైద్యురాలిగా అది గమనించకుండా ఉండలేకపోయింది.

పరీక్ష బడి ఆవరణలో. ఊరంతా వచ్చింది. పందిరి కింద ఒక్కటే పొయ్యి, దాని చుట్టూ పల్లాలమ్మ ఇంటినుంచి తెచ్చిన తడిక. పరీక్షకులు తడిక ఇవతల బల్ల దగ్గర కూర్చున్నారు. పెద్ద పరీక్షకుడు త్రినాథరావుది మెత్తని మాట, కచ్చితమైన అరచెయ్యి. లోపలినుంచి మూడు రేకులు రావాలి. ఆ మూడింటిలో ఒక్కదానికైనా అరచేతి రేఖలు కనబడాలి, అంచు కనబడకూడదు. మిల్లు తరఫున వచ్చిన కుర్రవాడు మర్యాదగా పక్కన నిలబడ్డాడు. ఉత్పల జనం వెనకాల ఉంది. "నా కోడలు దొంగో కాదో నేనూ చూడాలి" అని భ్రమరాంబ కూడా వచ్చింది.

కొబ్బరాకు మంట లేచింది. తడిక పైనుంచి మొదటి రేకు వచ్చింది. త్రినాథరావు అరచేతిలో పరుచుకున్నాడు. రేఖలు కనబడ్డాయి. అంచు దగ్గర వేలు ఆగింది.

"పెదవి ఉందమ్మా."

రెండోది వచ్చింది. చాలాసేపు చూశాడు. తల అడ్డంగా ఆడించడానికి ఆయనకే మనసు రాలేదు.

  మంట చిటపటల మీదుగా తడిక వెనకనుంచి గొంతు వచ్చింది.

"ఆ ఉత్పలమ్మ వచ్చిందా?"

"వచ్చానండి."

"లోపలికి రా."

జనం దారి ఇచ్చారు. తడిక లోపల పల్లాలమ్మ ముఖం మంట వేడికి ఎర్రగా ఉంది. కళ్ళ ఎరుపు మాత్రం మంట వల్ల కాదు.

"తియ్యి" అంది, గుడ్డ పిండిలో ముంచి ఇస్తూ. "నా చెయ్యి ఎట్టా తీసేదో చూపించు. నేను దాన్ని ఎప్పుడూ చూడలేదు. కుండనే చూసేదాన్ని."

ఉత్పలకు మంట ఎప్పుడు సరిపోతుందో తెలియదు. పల్లాలమ్మ ఒక ఆకు లాగేసి, "ఊఁ" అంది. ఉత్పల లాగింది. రేకు లేచింది. అంచు లేదు.

"ఇదే ఇచ్చెయ్యండి" ఉత్పల గొంతు తగ్గించింది. "తడిక ఉందిగా. ఎవరికి తెలుస్తుంది? ఊరి పేరు నిలబడుతుంది."

పల్లాలమ్మ ఆ రేకు తీసుకుని వెలుతురుకు పట్టి చూసింది. నలిపి నోట్లో వేసుకుంది.

"బాగుంది. నాకు తెలుత్తుంది కదమ్మా. మళ్ళీ తియ్యి, నెమ్మదిగా."

ఈసారి గాలిలో. పల్లాలమ్మ తన చేతిని తాను, పరాయి భుజం మీద, మొదటిసారి ఎదురుగా నిలబడి చూసింది.

"ఓసి! చివర్లో ఊపిరి బిగపట్టి బొటనవేలు లోపలికి తిప్పుతున్నానా నేను?"

"అవునండి. మీరు భుజం ఎగరేసి తిప్పేవారు. భుజం దించి పెట్టుకుని కూడా తిప్పొచ్చు. రెక్క వెనక్కి జారనివ్వండి, మోచెయ్యి వదులుగా ఉంచండి, వేలు ఒక్కటే తిప్పండి. గోడ మీద తువ్వాలు జరిపినట్టే. చివర్లో ఆ ఒక్కటీ కలపండి."

పల్లాలమ్మ గాలిలో ఒకసారి తీసింది. ఇంకోసారి. మూడోసారి వేలు తిరిగింది. భుజం కదల్లేదు.

ఇవతలనుంచి మిల్లు కుర్రవాడి గొంతు మర్యాదగా వినబడింది. "ఏమనుకోకండి. లోపల ఇద్దరున్నారు. వచ్చే రేకు ఎవరు తీసిందో మనకెలా తెలుస్తుందండీ?"

న్యాయమైన ప్రశ్నే.  ఉత్పల బయటికి వెళ్ళబోయింది. పల్లాలమ్మ ఆమె జబ్బ పట్టుకుని ఆపింది. కొంచెంసేపు తడిక వంక చూసింది. అత్తగారు అల్లిన తడిక అది. తాటాకు మారింది గాని కట్టు మారలేదు. ఆవిడ పెదవులు కదిలాయి. తడికతో ఏదో అన్నట్టుంది, లేదా అత్తతో. తరవాత కుడిచేతిని నొప్పి లేకుండా తలకన్నా పైకెత్తి, కట్టు విప్పింది. తడిక కిందపడింది.

"చూసుకోండి" అంది, ఊరందరికీ, మిల్లు కుర్రవాడికీ. "చూసినంత మాత్రాన వచ్చేత్తే అది మా ఇంటి చెయ్యెట్టా అవుద్ది?"

ఇటుకల మీది పీటపై కూర్చుంది. గుడ్డ ముంచింది. భుజం దిగింది, చెయ్యి సాగింది, వేలు మళ్ళింది. రేకు కుండ మీదనుంచి ఊపిరిలా లేచింది.

త్రినాథరావు దాన్ని అరచేతిలో పరుచుకున్నాడు. అంచు కోసం వేలు పెట్టి వెతికాడు. వేలు తిరిగి తిరిగి తన చేతిమీదికే వచ్చింది. ఆయన లేచి నిలబడి, ఏటా అడిగే ప్రశ్న అడిగాడు.

"ఈ చెయ్యి నీకు నేర్పిందెవరమ్మా?"

నాలుగేళ్ళుగా ఆవిడ జవాబు ఒక్కటే. మా అత్త. ఈసారి పక్కకు తిరిగి చూసింది.

"మా అత్తండి. తరవాత ఈ అమ్మాయి."

"ఈ అమ్మాయికెవరు నేర్పారు?"

"నేను నేర్పలేదండి. అబద్ధం ఎందుకు? నా నొప్పి నేర్పింది." తల ఎత్తింది. "నొప్పి నాదే కదండీ, ఆయ్!"

పందిరి కింద కేకలు చెలరేగాయి. భ్రమరాంబ పక్కనున్న ఎవరో తెలియని ఆవిడ భుజం పట్టుకుని కుదిపేసి, "ఆ నీలం చీర అమ్మాయి, మా కోడలు!" అంది. చపాతీల ఊసు ఎత్తలేదు.

వారం తరవాత పల్లాలమ్మ ఆఖరి తనిఖీకి వచ్చింది. ఉత్పల తొడుగులు వేసింది. ఈసారి గోడవైపు తిరగమని ఎవరూ అనలేదు. పల్లాలమ్మ గాలిలో రేకు తీసింది. ఒకటి, ఇంకొకటి, మరొకటి.

"ఏమైంది, అట్టా ఉండిపోయావు?"

"ఏమీ తెలియడం లేదండి. నొప్పి లేదు. నొప్పి లేకపోతే అద్దంలో ఏమీ కనబడదు." ఉత్పల నవ్వింది గాని ఆ నవ్వు నిండుగా లేదు. "నా చేతిలోది కూడా పోతోంది. నిన్న బల్ల తుడిస్తే తడి చారలు చారలుగా మిగిలిపోయింది. మా అత్తగారు చూసి ఏమీ అనలేదు. ఆవిడ అనకపోతేనే భయం."

పల్లాలమ్మ తొడుగు విప్పి, మడతపెట్టి, బల్లమీద పెట్టింది. చాలాసేపు తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంది. దాంట్లో ఏ బాధా లేదు. దాని పనితనం ఉత్పల చేతిలో కూడా ఇంకొన్నాళ్ళలో ఉండదు.

"మళ్ళీ భుజం ఎగరేసి నొప్పి తెచ్చుకోనా?"

"పొరపాటున కూడా వద్దు!"

"అయితే రేపు పొద్దున పడవకి రా. మీ అత్తని కూడా తీసుకురా, నోరున్న మనిషి ఒకరుంటే బాగుంటుంది. నా కోడలు కూడా కూర్చుంటానంటంది."

మర్నాడు పెరట్లో పొయ్యి చుట్టూ తడిక లేదు. పల్లాలమ్మ కోడలు మంట చూస్తోంది. భ్రమరాంబ పిండి పలచన మీద తన అభిప్రాయం చెబుతోంది. ఎవరూ అడగలేదు. ఉత్పల తడిగుడ్డ పట్టుకుని పీట మీద కూర్చుని, కుండ వంక చూసి, అలవాటు కొద్దీ ముఖం పక్కకు తిప్పుకుంది.

"అటు కాదు, నా వైపు" అంది పల్లాలమ్మ. "తియ్యి."

ఉత్పల ఊపిరి బిగపట్టి చెయ్యి ఎత్తింది. పల్లాలమ్మ అరచెయ్యి వచ్చి ఆమె భుజం మీద పడి, మెల్లిగా కిందికి నొక్కింది.

"ముందు దీన్ని దించు డాక్టరమ్మా. చెవితో చెప్పాల్సిన రహస్యమేమీ లేదు దీనికి."